మాయావతిలో గర్భాలయం ఎక్కడ?



నేటి ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని చంపావత్ జిల్లాలో, లోహాఘాట్ పట్టణానికి సమీపాన, దేవదారు వృక్షాల నడుమ మాయావతి అద్వైతాశ్రమం ఉన్నది. ఆ స్థలం పూర్వం ఆంగ్లేయుల తేయాకు తోట. ఒక విశ్రాంత సైన్యాధికారి సొత్తు. స్వామి వివేకానందుల శిష్యులైన సేవియర్ దంపతులు, స్వామి స్వరూపానందుల సహకారంతో దానిని సంపాదించి, 1899 మార్చి 19న ఆశ్రమాన్ని స్థాపించారు. దొరల బంగళా సన్న్యాసుల మఠమైనది.

అక్కడ అడుగిడిన భక్తుని మనస్సులో సహజంగా ఉదయించే ప్రశ్న: గుడి ఎక్కడ? గుడి లేదు. విగ్రహం లేదు, హారతి లేదు, తీర్థప్రసాదాలు లేవు. కేవలాద్వైత సాధనకు అంకితమైన ఆ చోట బాహ్యపూజ ఉండరాదన్నది స్థాపన నాటి నియమం. 1901 జనవరిలో స్వామీజీ అక్కడ సుమారు పక్షం దినాలు ఉన్నారు. ఒక గదిలో సాక్షాత్తు తమ గురుదేవులైన శ్రీరామకృష్ణుల పటానికే పూజ జరుగుచుండగా చూచి అసమ్మతి తెలిపారు. కాలక్రమంలో ఆ పూజామందిరం తొలగింపబడినది.

దీనిని విగ్రహారాధనకు ఖండనగా చూపేవారు ఉన్నారు. అది అర్ధసత్యం. అదే సంవత్సరం శరదృతువులో, అదే స్వామీజీ బేలూరు మఠంలో మృణ్మయ ప్రతిమయందు దుర్గాదేవిని ఆవాహన చేయించి యథాశాస్త్రంగా పూజ జరిపించారు. ఇందులో వైరుధ్యం లేదు. ఉన్నది అధికారిభేదం మాత్రమే.

పూజావిధానం ఎరిగినవారికి ఇది నూతన విషయం కాదు. వినాయక చవితికి మట్టి ప్రతిమలో ప్రాణప్రతిష్ఠ చేసిన గృహస్థుడే ఉద్వాసన చెప్పి దానిని నీట నిమజ్జనం చేస్తాడు. నిత్యపూజలో సైతం దేవతను హృదయపద్మం నుండి ఆవాహన చేసి, పూజానంతరం హృదయంలోనికే ఉద్వాసన చేసే సంప్రదాయం కలదు. అనగా, ఆరాధన చివర విగ్రహంతో పనిలేని ఒక క్షణం ఉన్నది. పలువురు ఆ క్షణాన్ని మంత్రం పలికి దాటిపోతారు. మాయావతి ఆ క్షణంలోనే నిలిచి ఉన్నది.

ఆలంబనం లేకుంటే మనస్సు శూన్యంలో పడదా అని సందేహం కలుగవచ్చు. ఆ ఆశ్రమంలో శాస్త్రాధ్యయనం ఉన్నది, ధ్యానం ఉన్నది. కొండపల్లెల రోగులకై 1903లో వెలసిన ధర్మవైద్యశాల ఉన్నది. రోగిలో నారాయణుని దర్శించేవానికి ఆలంబనం కొరవడదు.

కావున మాయావతికి వెళ్లే భక్తుడు అక్కడ హారతి కొరకు వెదకనక్కరలేదు. తిరిగి వచ్చి స్వగ్రామ దేవాలయంలోని హారతిని చులకన చేయనూ రాదు. కొబ్బరికాయ ఇంటనే ఉంచి వెళ్లి, ఆ దేవదారుల నీడలో కొంతసేపు మౌనంగా కూర్చుండుట చాలు. ఇన్నేళ్లుగా తాను చెప్పుచున్న ఉద్వాసన మంత్రానికి అర్థమేమిటో అక్కడ బోధపడవచ్చు.

స్వస్తి.