నలభై వేల కారుకు పన్నెండు వేల రిపేరా?

హైదరాబాద్ మీర్‌పేట్ సందుల్లో గేట్ల ముందు నిలిపిన చిన్న కార్ల మీద ఏపీ 29 నంబర్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. తెలంగాణ సిరీస్ 2014 జూన్‌లో మొదలైంది కాబట్టి ఆ నంబరున్న ఆల్టో అయినా, శాంత్రో అయినా, వ్యాగన్ ఆర్ అయినా పదేళ్లు దాటినదే. చాలావాటికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు కూడా ముగిసింది, లేదా ముగియబోతోంది. అలాంటి బండి షెడ్డుకెళ్లి, క్లచ్ సెట్టూ రేడియేటరూ కలిపి పన్నెండు వేలవుతుందని మెకానిక్ అనగానే ఇంట్లో లేచే ప్రశ్న ఒకటే: అమ్మితే నలభై వేలు రాని బండికి పన్నెండు వేల రిపేరా? వినడానికి జాగ్రత్తపరుల లెక్కలాగే ఉంటుంది. కానీ చాలా కుటుంబాలను అక్కర్లేని అప్పులోకి దింపేది ఈ లెక్కే.

అమ్మకం ధర ఎదుటివాడు ఎంతిస్తాడో చెబుతుంది తప్ప, ఆ బండి ఇంకా ఎన్నేళ్లు పనికొస్తుందో చెప్పదు. రిపేరు ఖర్చును పోల్చాల్సింది దాని బదులు కొనబోయే బండి ఖర్చుతో. 5 లక్షల అప్పు 9 శాతం వడ్డీకి ఏడేళ్ల గడువుతో తీసుకుంటే నెల కంతు 8,000 దాటుతుంది. అంటే ఏడాదికి 96 వేల పైమాటే. డౌన్ పేమెంటు, లైఫ్ ట్యాక్సు, ఫుల్ ఇన్సూరెన్సు దీనికి అదనం. పాత బండికి థర్డ్ పార్టీ బీమాతో సరిపెట్టుకోవచ్చు. వెయ్యి సీసీ లోపు కారుకు దాని మూల ప్రీమియం 2,094 రూపాయలే. క్లచ్, రేడియేటర్, సస్పెన్షన్ మూడూ ఒకే ఏడాది పోయినా మామూలు షెడ్డులో బిల్లు ఆ కంతుల మొత్తం దరిదాపులకు రాదు. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిందని షోరూంలు ఊదరగొట్టాయి. అదే రోజు స్పేర్ పార్టుల మీదా 18కే తగ్గింది. ఆ సంగతి ఎవరూ హోర్డింగు కట్టి చెప్పలేదు.

అయితే పాత బండి ఊరికే ఇబ్బంది పెడుతుందా, మనం పెట్టించుకుంటున్నామా అన్నదీ చూడాలి. పెద్ద ఖర్చులు చాలావరకు నీళ్లతో, రబ్బరుతో మొదలవుతాయి. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోయడం మనకు అలవాటు. గీజరు కాయిల్‌కు తెల్లగా పట్టే ఆ ఉప్పే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. బండి చల్లారాక బానెట్ ఎత్తి డబ్బాలోకి చూస్తే సంగతి తెలిసిపోతుంది: పచ్చగానో ఎర్రగానో ఉండాల్సిన ద్రవం తుప్పు రంగుకు తిరిగి ఉంటుంది, హోస్ క్లిప్పుల చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం కర్మన్‌ఘాట్ నుంచి సాగర్ రింగ్ రోడ్డు దాకా ఏసీ వేసుకుని ఫస్ట్ గేరులో పాకే కారుకు ఎదురుగాలి ఎక్కడిది? ఫ్యానూ రేడియేటరే దిక్కు. టెంపరేచర్ ముల్లు పైకి లేచినా ఇల్లు దగ్గరే కదా అని లాగిస్తే హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. ఆయిల్ మూత లోపల విరిగిన టీ లాంటి మడ్డి కనిపించిందంటే నీళ్లు ఆయిల్‌లో కలిసినట్టే. కొన్ని వందల కూలెంట్‌తో తీరే పని హెడ్ దింపి లేతు మీద ఫేసింగ్ కొట్టించేదాకా వస్తుంది. ఇందులో షెడ్ల పాత్రా తక్కువేం కాదు. హీటెక్కుతోందనగానే థర్మోస్టాట్ పీకేసి పంపేవాళ్లున్నారు. ముల్లు దిగుతుంది, మైలేజీ కూడా దిగుతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. శాంత్రోలో టైమింగ్ బెల్టు వంతు వచ్చినప్పుడు మార్చకపోతే అది నడిరోడ్డు మీదే తెగుతుంది. హాఫ్ క్లచ్ మీద కాలు తీయని డ్రైవింగుకు కొత్త క్లచ్ ప్లేటైనా ఎన్నాళ్లో ఆగదు.

పాత కారులో ప్రాణానికి రక్షణేదీ అని అడిగేవారికి మాత్రం తేలికైన జవాబు లేదు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లకూ తప్పనిసరైంది 2019 జులై నుంచే. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వెల్లడించిన ఢీ పరీక్షల్లో ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800, ఐ10లకు పెద్దల రక్షణలో ఒక్క స్టారూ రాలేదు. ఏ మెకానిక్కూ దాన్ని బాగుచేయలేడు. వారం వారం విజయవాడ హైవే ఎక్కే కుటుంబం బండి మార్చుకోవడమే మంచిది. దిల్‌సుఖ్‌నగర్ దాకా కూరగాయలకు, ఎల్బీనగర్ మెట్రో దాకా, అమ్మానాన్నల డాక్టరు దగ్గరికి తిరిగే బండి వేగం వేరు, లెక్క వేరు. పొగ మాటకొస్తే, హైదరాబాద్‌లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లోనే అమల్లోకి వచ్చాయి. 2011లో కొన్న పెట్రోలు కారును ఏళ్లు చూసి పొగబండి అనడం అన్యాయం. ఇంజిన్ తీరు చూడాలి. ఫీజులు మాత్రం వయసునే చూస్తున్నాయి: 600 ఉన్న రిజిస్ట్రేషన్ రెన్యువల్ 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది, 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు భయం కొంత నిజమే. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే ఒప్పుకుంది. కానీ ఫ్యూయల్ హోసు మార్చడం సర్వీసింగుతో పాటు అయ్యే పని, బండి అమ్ముకునేంత కారణం కాదు.

ఎంత వాదించినా రెండు రకాల బండ్లకు రిపేరే మేలన్న ఈ లెక్క వర్తించదు. తుప్పు డోర్ల అంచులు దాటి ఫ్లోరుకు, సస్పెన్షన్ బిగించే చోటికి పాకిన బండి మొదటిది. టింకరింగు చేసి పెయింటు కొడితే రంగు నిలుస్తుంది, బలం రాదు. రెండోది మునిగి తేలిన బండి. 2020 అక్టోబరు వానలకు మీర్‌పేట్ చెరువుల కింది కాలనీల్లో నీళ్లు నిలిచాయి. మునిగిన కారుకు వెంటనే సెల్ఫ్ కొడితే సిలిండర్లోకి చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. కొట్టకపోయినా వైరింగ్ కనెక్టర్లలో చేరిన తడి ఏళ్ల తరబడి ఒక్కో లైటునూ ఒక్కో సెన్సారునూ తింటూ పోతుంది. సెకండ్ హ్యాండులో కొనేవారు సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చార ఉందేమో, కార్పెట్ ఎత్తి సీటు బోల్టులకు తుప్పుందేమో చూసుకోవాలి. ఉంటే ఆ బండికి నాలుగు వేల రిపేరూ దండగే. వనస్థలిపురం ఆటోనగర్‌లో ఎంత చౌకగా సామాను దొరికినా సరే.