అభిమానమునకు వెల గలదా?

మనుష్యునకు తన యూరిపైనను, తాను చదివిన బడిపైనను మమకారముండుట సహజము. ఇంగ్లండు దేశమున ఈ మమకారము పెక్కుచోట్ల ఊరి ఫుట్‌బాల్ జట్టును ఆశ్రయించి యున్నది. తాత మెచ్చిన జట్టునే తండ్రియు, తండ్రి మెచ్చిన జట్టునే కుమారుడును మెచ్చుట అచ్చటి ఆచారము. ఆ జట్లను స్థాపించినవారిలో పెక్కుమంది ధనికులు కారు. నేడు లోకవిఖ్యాతమైన మాంచెస్టర్ యునైటెడ్ 1878లో రైల్వే పనివారి జట్టుగా పుట్టినది. లండను నగరపు ఆర్సెనల్ జట్టును 1886లో ఆయుధ కర్మాగారపు పనివారు నెలకొల్పిరి. శ్రమజీవుల తీరికవేళల వేడుకగా మొదలైన ఆ యాట నేడు గొప్ప వ్యాపారమైనది. 2017లో నెయ్‌మార్ అను బ్రెజిల్ దేశపు ఆటగానిని బార్సిలోనా జట్టునుండి తెచ్చుకొనుటకు పారిస్ నగరపు జట్టు 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించినది.

ఆటలోనికి ధనము వచ్చుటయే కీడని నేననను. ఇంగ్లండులో 1961 వరకు ఆటగానికి వారమునకు 20 పౌండ్లకు మించి జీతమీయరాదను నియమముండెను. వేలకొలది జనులు రుసుము చెల్లించి చూచు ఆటను ఆడువానికి అది న్యాయమైన జీతము కాదు. 1989లో షెఫీల్డు నగరమందలి హిల్స్‌బరో మైదానమున జనుల ఒత్తిడికి నలిగి 97 మంది మృతి చెందిరి. పిమ్మట పెద్ద మైదానములలో జనులు నిలుచుండు చోట్లను తొలగించి ఆసనములమర్చిరి. అందులకును ధనము కావలసివచ్చినది. కావున ధనమును నిందించి ప్రయోజనము లేదు. దానిని తెచ్చినవారి చేతిలో అభిమాని గతి యేమగుచున్నదో విచారింపవలెను.

బట్టల దుకాణదారుడు వెల పెంచినచో మనము ప్రక్క దుకాణమునకు పోవుదుము. ఆ భయమే అతనిని అదుపులో నుంచును. జట్టును ప్రేమించువాడు అట్లు ప్రక్క జట్టునకు పోజాలడు. ఈ సంగతి యజమానులెరుగుదురు. విడిచి పోలేనివానినుండి ఎంతయైనను రాబట్టవచ్చునను దురాశ వారిలో కొందరికి కలుగుచున్నది. అభిమానియొక్క సద్గుణమే యతనికి సంకెలగుచున్నది.

లండను నగరమందలి వింబుల్డన్ జట్టు చరిత్ర ఇందులకు నిదర్శనము. 1889లో పుట్టిన ఆ చిన్న జట్టు 1988లో లివర్‌పూల్ వంటి మేటి జట్టునోడించి ఎఫ్.ఏ. కప్పును గెలిచెను. 1991లో తన మైదానమును విడిచి పరుల మైదానమున ఆడవలసివచ్చెను. తరువాత యజమానులు దానిని సుమారు 90 కిలోమీటర్ల దూరమందున్న మిల్టన్ కీన్స్ పట్టణమునకు తరలింపనెంచిరి. అభిమానులెంత మొరపెట్టుకొన్నను, 2002లో అందులకు అనుమతి లభించెను. అంతట అభిమానులు దుఃఖించుచు కూర్చుండక, అదే సంవత్సరమున ఏ.ఎఫ్.సీ. వింబుల్డన్ అను క్రొత్త జట్టును తామే స్థాపించిరి. ఊరి బయలులో ఆటగాండ్రను పరీక్షించి ఎన్నుకొనిరి. చిన్న పోటీలలో మొదలిడి, 9 సంవత్సరములలో 5 మెట్లెక్కి, 2011లో ఫుట్‌బాల్ లీగులో చేరిరి. 2020లో పాత మైదానమునకు చేరువనే క్రొత్త మైదానమున ఆడ నారంభించిరి. యజమానులు జట్టును తీసికొనిపోయిరి గాని, జనుల ప్రేమను తీసికొనిపోలేకపోయిరి.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సీ. జట్టు 2021-22 ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిచినది. 2025లో అది ఢిల్లీకి తరలి పేరు మార్చుకొన్నది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టును నాలుగవ స్థానమునకు చేర్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమును కన్న నగరమునకు ఆ విజయము జ్ఞాపకముగా మాత్రమే మిగిలినది.

అభిమానులు ఒక్కటైనచో వారి మాట చెల్లకపోదు. 2016లో లివర్‌పూల్ యాజమాన్యము ఒక తరగతి టిక్కెట్టు వెలను 77 పౌండ్లకు పెంచ నిశ్చయించెను. ఫిబ్రవరి నెలలో ఒకనాడు, ఆట సరిగా 77వ నిమిషమునకు చేరగానే, తమ జట్టు రెండు గోల్స్ ఆధిక్యముతో నున్నను, వేలాదిమంది లేచి వెడలిపోయిరి. ఒక రాయి విసరలేదు, ఒక కుర్చీ విరువలేదు. కొలది దినములలోనే యాజమాన్యము క్షమాపణ చెప్పి ఆ వెలను ఉపసంహరించుకొన్నది.

“ధనము పెట్టినవాడను నేను, నా యిష్టము వచ్చినట్లు చేసికొందును” అని యజమాని యనవచ్చును. దేవాలయ ధర్మకర్త ఆలయమును నడుపును గాని ఆలయమతనిది కాదు. భక్తుల కానుకలకు అతడు లెక్క చెప్పవలసినవాడు. జట్టు యజమానియు అట్టివాడే. జర్మనీ దేశము ఈ ధర్మమును కొంతవరకు పాటించుచున్నది. అచ్చట కొన్ని మినహాయింపులు తప్ప, జట్టు నడుపు సంస్థయందలి వోట్లలో సగమునకు మించినవి సభ్యుల సంఘము చేతనే యుండవలెనను నియమము 1998 నుండి కలదు. ఇతర దేశములును ఇట్టి నియమము నేర్పరచుకొనుట మేలని నా యభిప్రాయము.

అయినను దోషమంతయు యజమానులదే యనుట న్యాయము కాదు. ప్రతి సంవత్సరము గెలువవలెననియు, ఎంత వెలయైనను పెట్టి పేరుపడిన ఆటగాండ్రను తేవలెననియు అభిమానులే పట్టుపట్టుదురు. ఆ ధనమెచ్చటినుండి వచ్చునో విచారింపరు. అప్పు చేసి తెచ్చిన విజయము అప్పులవాడు వాకిట నిలిచినప్పుడు చేదగును.

బాలలారా! మీకు నచ్చిన జట్టును మనసార ప్రేమింపుడు. అది యోడిన దినమునను విడువకుడు. కాని దానిని నడుపువారు తప్పు చేసినప్పుడు తప్పని చెప్పుటకు వెనుదీయకుడు. ప్రశ్నింపని ప్రేమను ఎవరైనను వ్యాపారముగా మార్చుకొనగలరు. ప్రశ్నించుటయు ప్రేమలో భాగమేయని గ్రహించినవాని అభిమానమునకు ఎవ్వరును వెల కట్టలేరు.