సెల్లార్‌లో చదువులు వద్దు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి వైపు నడిస్తే ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఊళ్ల నుంచి ఉద్యోగ పరీక్షల కోసం వచ్చిన పిల్లలు ఇక్కడి హాస్టళ్లలో ఉంటూ స్టడీ హాళ్లలో పొద్దస్తమానం చదువుతారు. ఇంత గిరాకీ ఉన్నచోట యజమాని కన్ను సెల్లార్ మీద పడుతుంది. గోడలకు పుట్టీ, కింద టైల్స్, పైన ఫాల్స్ సీలింగ్, ఓ ఏసీ. అంతే, బండ్లు నిలిపే చోటు అద్దె గది అయిపోతుంది. బండ్లు రోడ్డు మీదికొస్తాయి.

అసలు సెల్లార్ తవ్వడమే ప్రాణాలతో చెలగాటం. 2025 ఫిబ్రవరిలో ఎల్బీనగర్‌లో తవ్వకం సాగుతుండగా మట్టి విరిగిపడి ముగ్గురు కూలీలు చనిపోయారు. ఇంత ప్రమాదానికి ఓర్చి తవ్వేది పార్కింగ్ కోసమే. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, అంటే జీవో 168, చెప్పేదీ అదే. జనరేటర్, ఏసీ ప్లాంటు లాంటి వాటికి 10 శాతం దాకా వాడుకోవచ్చు. మనుషులు మసలడానికి మాత్రం కాదు.

టైల్స్ వేసినా పల్లం పల్లమే. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు నీట మునిగాయి. అలాంటి రోజున ర్యాంపే వరదకు దారి. మోటారుతో తోడేయొచ్చన్న ధీమా కరెంటు ఉన్నంతసేపే. వాటర్‌ప్రూఫింగ్ పూత గోడ నెమ్మును ఆపుతుంది గానీ ర్యాంపు మీంచి దూకే నీటిని ఆపలేదు.

ఢిల్లీలో జరిగింది ఇదే. 2024 జులై 27న పాత రాజిందర్‌నగర్‌లో ఓ సివిల్స్ కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వరద దూసుకొచ్చి ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. వారిలో ఒకరి తల్లిదండ్రులు తెలంగాణలో ఉంటున్నవారే. పార్కింగ్‌కు, సామాన్లకు అనుమతి తీసుకున్న చోట లైబ్రరీ నడిపారు. ఆ వార్త చూశాక కూడా ఇక్కడ సెల్లార్లలో పిల్లల్ని కూర్చోబెట్టడం క్షమించరానిది.

సెల్లార్‌కు ఖర్చు పెట్టదలిచిన యజమానికి చేయదగ్గ పనులు చాలానే ఉన్నాయి. ర్యాంపు మొదట్లో రోడ్డు కంటే ఎత్తుగా దిమ్మె కట్టించాలి. ర్యాంపు అడుగున జాలీ కాలువ, దాన్నుంచి సంపులోకి దారి ఉండాలి. స్విచ్ బోర్డులు పైకి జరపాలి. ఇక ట్రేడ్ లైసెన్సు ఇచ్చే అధికారి సంతకానికి ముందే ర్యాంపు దిగి, అక్కడ కుర్చీలు ఉన్నాయో బండ్లు ఉన్నాయో చూసి రావాలి.