మే నెలలో యాపిల్ ఎందుకు?

మన కాలేజీలో ఏ ఫంక్షన్ జరిగినా భోజనాల చివర ఒక పెద్ద స్టీలు గిన్నె ఉంటుంది. అందులో పసుపురంగు కస్టర్డ్, దాంట్లో యాపిల్ ముక్కలు, అరటిపండు ముక్కలు, పచ్చద్రాక్ష, ఎర్రెర్రగా టూటీ ఫ్రూటీ. పైన ఒక స్కూపు వెనీలా. దాని పేరు ఫ్రూట్ సలాడ్ విత్ ఐస్‌క్రీమ్. ఫ్రెషర్స్ డేకి అదే, సంక్రాంతి సంబరాలకి అదే, మే మొదటి వారంలో జరిగే ఫేర్‌వెల్‌కీ అదే. నా గొడవంతా ఆ మూడోదాంతోనే.

బయట 43 డిగ్రీల ఎండ. నూజివీడు వైపు నుంచి మామిడికాయల లారీలు మన రోడ్డు మీదుగానే పోతుంటాయి. గేటు బయట తాటాకుల మీద ముంజలు పెట్టుకుని ఒక తాత కూర్చుని ఉంటాడు. మనం మాత్రం లోపల కూర్చుని యాపిల్ తింటాం! కాశ్మీరులో, హిమాచల్‌లో యాపిల్ కోత ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. మే నెలలో మన కప్పులోకి వచ్చిందంటే అది నెలల తరబడి కోల్డ్ స్టోరేజీలో నిద్రపోయి లేచిందన్నా అయ్యుండాలి, విదేశం నుంచి ఓడెక్కి వచ్చిందన్నా అయ్యుండాలి. యాపిల్ మీద నాకు పగేం లేదండీ. దాని కాలంలో అది మంచిదే. కానీ రసాలు దొరికే నెలన్నరలో కూడా దాన్నే తినాలా?

కస్టర్డ్ సంగతీ చెప్పుకుందాం. అది 1837లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన, భార్యకి గుడ్లు పడవని కనిపెట్టిన పొడి. మొక్కజొన్న పిండి, రంగు, వాసన. భార్య మీద ప్రేమతో చేశాడు కాబట్టి ఆయన్నేమీ అనను. మామిడిపండు ఉన్నచోట మాత్రం ఆ పసుపురంగు పిండి నాకు అనవసరం అనిపిస్తుంది.

అందుకే ఈసారి ఫేర్‌వెల్ తీపి మనమే చేద్దాం అంటున్నాను. పొయ్యి అక్కర్లేదు. హాస్టల్ రూములో ఇండక్షన్ స్టవ్ దొరికితే వార్డెన్ గారు ఏం చేస్తారో మీకు నేను చెప్పాలా! 'వండకుండా స్వీటేంటి, రీల్స్ చూసి చెప్తున్నావా' అని మా రూమ్మేట్ అడిగింది. రీల్స్ దాకా ఎందుకు? ఉగాది పచ్చడికి పొయ్యి వెలిగిస్తామా? శ్రీరామనవమి పానకానికి? వడపప్పుకి? పచ్చి చలిమిడికి? ఎండలు మొదలయ్యే నెలలోనే మనవాళ్ళు ఇన్ని పెట్టుకున్నారు. నిప్పు ముట్టకుండా తీపి చేసుకోవడం మనకి కొత్తేం కాదు.

ఇక పని. పదిమందికి లెక్క చెప్తున్నా: బంగినపల్లి నాలుగు, చిన్నరసాలు ఎనిమిది, ముంజలు రెండు డజన్లు, వెనీలా ఐస్‌క్రీమ్ ఒక లీటరు, చిటికెడు ఉప్పు, రెండు యాలకులు. పంచదార లేదు. రెండు రకాల మామిడి ఎందుకంటే, రెంటి పనీ వేరు. బంగినపల్లికి పీచుండదు, కత్తి పెడితే ముక్క ముక్కలా నిలబడుతుంది. (2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, జీకే రాసేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.) రసాన్ని కొయ్యకూడదు, పిండాలి. కాయల్ని ఓ గంట నీళ్ళలో వేసి, ముచ్చిక తీసి, మొదటి చుక్క సొన పారబోసి, వేళ్ళతో మెత్తగా నలిపి గిన్నెలోకి పిండి వడకట్టండి. అదే మన కస్టర్డ్. ఉప్పు, యాలకుల పొడి అందులోనే కలిపేయండి.

ముంజలు ఏ రోజువి ఆ రోజే కొనాలి. ఒక్కో కాయలో మామూలుగా మూడు కళ్ళుంటాయి. లేతవి అడగండి, ముదిరితే రబ్బరు నమిలినట్టే. పైన పల్చటి తోలు వగరు, అది ఓపిగ్గా ఒలవాల్సిందే. లోపలి నీళ్ళు పోకుండా ఒలిచినవాళ్ళకి నేను ఎక్స్‌ట్రా స్కూపు ఇస్తాను. ముంజకి పెద్ద రుచి లేదంటారు కొందరు. ఆ చప్పదనమే ఇక్కడ కావాలి. ఒక స్పూనులో మామిడి తీపి, ఐస్‌క్రీమ్ తీపి రెండూ వచ్చాక మధ్యలో చల్లగా, జారుతూ, ఏ తీపీ పెద్దగా లేని ముక్క ఒకటి పడితే ఇంకో కప్పు తినబుద్ధవుతుంది.

'పైనాపిల్ వేద్దాం, బొప్పాయి వేద్దాం' అనే ఔత్సాహికులు కాస్త ఆగండి. పచ్చి పైనాపిల్‌లో బ్రొమెలైన్, బొప్పాయిలో పపైన్, కివీలో ఆక్టినిడిన్ అనే ఎంజైములుంటాయి. ఇవి పాలలోని ప్రోటీన్‌ని ముక్కలు చేస్తాయి. ఐస్‌క్రీమ్‌తో కలిపి కాసేపుంచితే చేదెక్కుతుంది. డబ్బా పైనాపిల్‌తో ఈ తంటా లేదు, ఎందుకంటే డబ్బాలో పెట్టేటప్పుడు వేడి చేస్తారు, ఆ వేడికి ఎంజైము చస్తుంది. వండని వంటకి ఉన్న చిక్కు ఇదే: పొయ్యి చేసే పనులు కొన్ని మనం ముందే ఆలోచించుకోవాలి.

ఐస్‌క్రీమ్ కొనేటప్పుడు డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. ఐస్‌క్రీమ్ అని రాయాలంటే మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం పాలకొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉంటే అందులో వెజిటబుల్ ఆయిల్ ఉండొచ్చు. విషమేం కాదు, కాకపోతే రసం పక్కన నూనె నాలుకకి అంటుకుని తెలిసిపోతుంది.

ఫ్రిజ్ లేదు కదా అంటారు. బకెట్‌లో ఐసు ముక్కలు, మూడు వంతుల ఐసుకి ఒక వంతు కళ్ళుప్పు, మధ్యలో మూతపెట్టిన స్టీలు గిన్నె. ఉప్పు కలిస్తే మంచు ఇంకా తక్కువ ఉష్ణోగ్రతలో కరుగుతుంది, సిద్ధాంతం ప్రకారం మైనస్ 21 డిగ్రీల దాకా దిగొచ్చు. ఫస్టియర్ కెమిస్ట్రీలో ఇరవై మార్కులకి బట్టీపట్టిన ఫ్రీజింగ్ పాయింట్ డిప్రెషన్ ఇదే బాబూ. పరీక్ష హాల్లో తప్ప ఎక్కడా వాడకుండానే డిగ్రీ తీసుకుని వెళ్ళిపోతామా?

చవగ్గా అవుతుందని మాత్రం చెప్పను. మా రూములో పదిమందికి చేసినప్పుడు మనిషికి 60 రూపాయలు దాటింది, పోయినేడు కేటరింగ్ కప్పు 45. ఆ పదిహేను రూపాయల తేడా ఎటు పోతుందో కూడా చూడండి. గేటు దగ్గర తాత కొడుకు మోకు వేసుకుని తాడిచెట్టెక్కి గెలలు దించుతాడు. ఒక్కో చెట్టూ నాలుగంతస్తుల ఎత్తు, కింద వలేం ఉండదు. డజనుకి పది తగ్గించమని మనం ఆయనతో పావుగంట బేరమాడతాం. అదే సాయంత్రం కెఫేలో 180 రూపాయల సండే తిని, నోరెత్తకుండా జీఎస్టీ కట్టొస్తాం. నేను రెండొందల మందికి ముంజలు అడిగితే తాత ఒక్కటే మాట అన్నాడు: "ముందు రోజు చెప్పమ్మా, పొద్దున్నే దించిస్తా. రేపటికి దాస్తే మాత్రం గట్టిపడతాయి."

మామిడికాయలు నాలుగైదు రోజుల ముందే తెచ్చుకోవాలి. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధమే, అయినా పండిన పండు కొంటే దాన్ని ఎలా మగ్గేశారో మనకెలా తెలుస్తుంది? పక్వానికొచ్చిన కాయ కొని వరిగడ్డిలో మనమే మగ్గేస్తే ఆ అనుమానం ఉండదు. లైబ్రరీ వెనక గది తాళం అడిగాను, ఇస్తామన్నారు.

ఫైనల్ ఇయర్ వాళ్ళలో సగంమంది జులైకల్లా బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. అక్కడా మామిడిపండు దొరుకుతుందట, డబ్బాలో. ముంజ దొరకదు. కాబట్టి వాళ్ళు కూర్చుని తినాలి, పని మనది. కొయ్యడానికి ఎనిమిదిమంది, పిండడానికి ఆరుగురు దొరికారు. ముంజలు ఒలవడానికి ఇప్పటిదాకా నేనూ, మా రూమ్మేటూ. ఇంకో పన్నెండుమంది కావాలి, శనివారం పొద్దున ఆరింటికి, లైబ్రరీ వెనక. గోళ్ళు కత్తిరించుకోకుండా రండి.