డోలీ యుండగా బాట యేల?

కన్ను కానరానివానికిని, చేయి స్వాధీనములో లేనివానికిని వెబ్ పుటలతో నేమి పని, ఎవరో యొకరు చేసిపెట్టుదురు గదా యనుమాట మన ప్రాంతమున చదువుకొన్నవారి నోటనే తఱచుగా వినవచ్చుచున్నది. 2011 నవంబరులో చిత్తూరు జిల్లాలో మీసేవ మొదలైననాటినుండి ధ్రువపత్రములును బిల్లులును గడపచెంతకు వచ్చినవి. ఊరూర నెట్ సెంటర్లు వెలసినవి. కౌంటరులోని కుర్రవాడు క్షణములో పని ముగించి కాగితము చేతిలో పెట్టును. ఇక పుటలను అందఱకు అనువుగా మలచు శ్రమయు వ్యయమును ఎందుకని వీరి వాదము. ఇది దయ వేషము వేసికొని వచ్చినది గావున ఎదిరించుట కొంత కష్టము. ఐనను ఇందు దయయు లేదు, న్యాయమును లేదు.

తిరుమల కొండక్రింద నివసించు మనకు ఈ సంగతి వేఱొకరు చెప్పవలసిన పనిలేదు. 1944లో తిరుమలకు ఘాట్ రోడ్డు పడకమునుపు నడవలేని వృద్ధులును రోగులును డోలీలలో కొండ యెక్కెడివారు. మోయువారు దొరకిననాడు, వారికీయ డబ్బు చేత నున్ననాడు, వారు దించినచోట ఆగి, ఎత్తినప్పుడు కదలి, స్వామిని దర్శించుకొనెడివారు. డోలీ యున్నది గదా, బాట యేల యని ఊరకుండినచో నేడు మన ముసలితల్లులు బస్సెక్కి కొండ చేరుట యుండెడిది కాదు. నెట్ సెంటరు కుర్రవాడు ఈనాటి డోలీ బోయీ. వానియందు నాకు గౌరవమే. కాని వాని భుజము బాటకు బదులు కాజాలదు.

నా మిత్రుడొకడు జన్మాంధుడు, తిరుపతిలో ఉపాధ్యాయుడు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధుడు 2006లో ఆరంభించిన ఎన్.వి.డి.ఏ. అను ఉచిత సాఫ్ట్‌వేరు తెరమీది మాటలను చదివి వినిపింపగా, ఇతడు కీబోర్డుతోనే సమస్త కార్యములను నడపుకొనును. ఒకనాటి సాయంకాలము అతడు టిక్కెట్టు కొఱకు ఒక వెబ్‌సైటు తెఱవగా ప్రక్కన కూర్చుండి చూచితిని. ట్యాబ్ మీట నొక్కినకొలది ఆ గొంతు “బటన్, బటన్, బటన్” అనునే గాని అది దేని బటనో చెప్పదు. తేదీల పట్టికలో ఖాళీలున్న దినములు పచ్చగాను, నిండినవి ఎఱ్ఱగాను ఉన్నవి; అతనికి వినవచ్చినవి వట్టి అంకెలు. ఎట్లో యొక తేదీ నొక్కగా పైన చిన్న కిటికీ తెఱచుకొన్నది. గొంతుమాత్రము వెనుకనున్న పుటనే చదువుచు పోయినది. తుదకు వంకరటింకర అక్షరముల బొమ్మ యొకటి. అంతలో గడువు ముగిసినది. మఱునాడు నెట్ సెంటరులో, నలుగురు వినుచుండగా, అతడు తన ఆధార్ సంఖ్యను, ఓటీపీని పైకి చదివెను. ముప్పదిమంది పిల్లలకు లెక్కలు చెప్పు మనిషి!

ఇందు లోపము అతని కన్నులది కాదు. మీటవలె కనుపించునట్లు తెరపై రంగు పూయుట వేఱు, ఇది మీట యని హెచ్.టి.ఎం.ఎల్. భాషలో తెలుపుట వేఱు. రెండవదానిని కీబోర్డును గుర్తించును, చదువు గొంతును గుర్తించును. ప్రతి గడికి పేరు పెట్టుట, రంగుతో చెప్పినదానిని మాటతోను చెప్పుట, కిటికీ తెఱచినప్పుడు కర్సరును అందులోనికి పంపి మూసినప్పుడు మొదటిచోటికి చేర్చుట, గడువు పెంచుకొన నిచ్చుట, ఇవి రహస్యవిద్యలు కావు. వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యూ3సీ సంస్థ ఇట్టి సూత్రములను 1999లోనే ప్రకటించి, 2008లోను 2023లోను సవరించినది. ఇల్లు కట్టునపుడే వాలుబాట వేసికొనుట సులభము. కట్టిన మెట్లను పగులగొట్టుటయే ఖర్చు. ఇట్లు చేసినచో పుట అందము చెడునను మాటకు నేను జవాబు చెప్పను. పని చేయని ద్వారమునకు అందమేమి?

చట్టము సైతము ఈ విషయమున మౌనముగా లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 42వ సెక్షనులో ఎలక్ట్రానిక్ సమాచారమును వికలాంగులకు అందునట్లు చేయుటను ప్రభుత్వ బాధ్యతగా పేర్కొన్నది. ఆసిడ్ దాడిలో ముఖము, కన్నులు దెబ్బతిన్నవారు బ్యాంకు కెమెరా యెదుట ఱెప్ప వేయలేక ఖాతాకు దూరమైన వ్యవహారమున 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను అందుకొనుట 21వ అధికరణములోని జీవనహక్కులో భాగమని తీర్పు చెప్పినది. జీవనహక్కును ఎవరో యొకరు మన బదులు అనుభవించి పెట్టుదురా?

తిరుపతిలో, చిత్తూరులో ఇంజనీరింగు చదివి పుటలు నిర్మించు తమ్ములారా, చెల్లెండ్రారా! మీరు చేసిన పుటను లోకమునకు విడుచుటకు ముందు మౌసును ప్రక్కనుంచి, తెరను ఆర్పి, ట్యాబ్ మీటతోను చదువు గొంతుతోను ఒక్క టిక్కెట్టు కొని చూడుడు.