గంగిరెద్దులా మోకరిల్లే విమానం

నందిగామ దగ్గర హైవే పక్కన లారీ టైరు పంచరైతే క్లీనరు జాకీ తిప్పడం చూసే ఉంటారు. ఇంచుమించు అలాగే చేత్తో తిప్పి చక్రం దించుకునే విమానం ఒకటుంది. పేరు లాంగ్ ఈజీ. అమెరికన్ డిజైనర్ బర్ట్ రుటాన్ సృష్టి. 1979లో తొలిసారి ఎగిరింది. అప్పట్లో నక్షలు కొనుక్కుని, ఫోమ్ దిమ్మలు కోసి, వాటిపై గ్లాస్‌ఫైబర్ అతికించి ఎవరి షెడ్డులో వాళ్లు తయారుచేసుకునేవారు. బెంగళూరులోని అప్పటి నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ కూడా దీని ఆధారంగా ఓ విమానం కట్టి 1987లో ఎగరేసింది.

ఇంజిన్ వెనకుంటుంది. పైలట్ దిగితే ముందు బరువు తగ్గి తోక నేలకు ఒరిగిపోతుంది. అందుకే ముక్కు చక్రం మడిచి నిలబెడతారు, సంక్రాంతి గంగిరెద్దు మోకరిల్లినట్టు! వెనక రెండు చక్రాలూ మడవవు.

అసలు తంటా ముక్కు చక్రం సర్దుబాటులోనే. పైలట్ ముందున్న హ్యాండిల్ తిప్పితే ఓ మరచుట్టు పళ్లచక్రాన్ని కదిలిస్తుంది, దాంతో చక్రం కాలు దిగుతుంది. పూర్తిగా దిగాక లోపలి కీలు సరళరేఖను కాస్త దాటి ఆగాలి. మనం మోకాలు వెనక్కి బిగించి నిలబడినట్టన్నమాట. అప్పుడు నేల తాకిన బరువు కీలును ఇంకా బిగిస్తుందే గానీ మడవదు. అక్కడిదాకా రాకపోతే? దిగినప్పుడల్లా దెబ్బంతా పళ్ల మీదే. పళ్లు అరిగి లూజవుతాయి. మరీ దాటితే హ్యాండిల్ బిగిసి, మళ్లీ మడవడం కష్టం.

అందుకే ముక్కు పైకెత్తి, విమానం వెనక్కి ఒరగకుండా ఆపి, చక్రాన్ని పలుమార్లు దించి మడుస్తారు. పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూస్తారు. ఆట ఉంటే సన్నని వాషర్లు వేసి మళ్లీ మొదటికి. ఓపిక లేనివారికి కుదిరే పని కాదు.

ఇంకో చిక్కుంది. ఈ చక్రానికి స్టీరింగు లేదు. వెనక చక్రాల్లో ఒకదానికి బ్రేకు వేస్తే విమానం అటు తిరుగుతుంది. ముక్కు చక్రం ఇరుసు వదులైతే ఆస్పత్రి స్ట్రెచర్ చక్రంలా గజగజలాడుతుంది, బిగిస్తే తిరగనంటుంది. ఎంత బిగించాలో స్ప్రింగు త్రాసుతో లాగి చూస్తారు.

చక్రం దించడం మరిచి దిగినవాళ్లూ ఉన్నారు. ప్రొపెల్లర్ వెనకుంటుంది కాబట్టి సాధారణంగా ముక్కు గీసుకోవడంతో సరి. ఆ మతిమరుపు కోసమే పైలట్ కాళ్ల మధ్య చిన్న కిటికీ పెట్టారు, చక్రం దిగిందో లేదో తలవంచి చూసుకోవడానికి.