ఫైలు ఆగుతది.. మిత్తి ఆగదు

అమెరికా పోయిన పిలగాడు ఎయిర్‌పోర్టు నుంచే వాపస్ వచ్చిండని తెలిస్తే ఊర్లె అందరూ ఒకటే అడుగుతరు: ‘మళ్ల ఎప్పుడు పోవొచ్చు?’ కన్సల్టెన్సీ ఆయన ఆరు నెలలంటడు. డాలస్‌ల ఉన్న బావ పదేండ్లంటడు. వాట్సాప్ గ్రూపుల ‘ఇగ జన్మల పోలేడు’ అని రాస్తరు. మూడు జవాబులూ నిజం కావొచ్చు, కాకపోతే ముగ్గురు వేరే వేరే మనుషులకు. మనోడు ఆ ముగ్గుట్ల ఎవడన్నది తెల్వకుండనే లక్షలు కట్టేటోళ్లు మస్తుమంది ఉన్నరు.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, 2023 ఆగస్టుల ఒక్క దినమే 21 మంది మన దేశం విద్యార్థులను అమెరికా ఎయిర్‌పోర్టుల నుంచి వాపస్ పంపిన్రని, అండ్ల చానామంది తెలుగోళ్లేనని వార్తలొచ్చినయి. 2025 ఫిబ్రవరి 5న 104 మందిని మిలిటరీ విమానంల తెచ్చి అమృత్‌సర్‌ల దించిన్రు. అదే ఏడాది జులైల ఢిల్లీల ఉన్న అమెరికా ఎంబసీ దొంగతనం, కొట్లాట చేస్తే వీసా పోతది, ముందుముందు కూడా వీసాకు అర్హత పోవొచ్చని బాహాటంగ చెప్పింది. పంపుడు ఒక్క దినంల అయితది. మళ్ల పోవుడే ఏండ్ల పని.

బ్యాన్ వేరు, వేవర్ వేరు

ముందు ఈ రెండు మాటలు విడదీయాలె. బ్యాన్ అంటే ఇన్నేండ్లు రావద్దని చట్టం పెట్టిన గడువు. వేవర్ అంటే ఆ గడువు తీరకముందే, లేదా గడువే లేని తప్పుకు, దరఖాస్తు పెట్టుకొని తెచ్చుకునే మినహాయింపు. బ్యాన్‌కు లెక్క ఉన్నది. వేవర్ ఎన్ని దినాలల్ల ఇయ్యాలెనో చట్టంల గడువు లేదు. అసలు తిప్పలంత ఆడనే ఉన్నది.

బ్యాన్ లెక్క 1996ల వచ్చిన చట్టంల ఉన్నది. కాయిదాలు లేకుండ 180 దినాలు దాటి, ఏడాదికి తక్కువ ఉండి వెళ్లిపోతే మూడేండ్లు. ఏడాది, ఆపైన ఉంటే పదేండ్లు. ఈ గడువు దేశం విడిచిన దినం నుంచే మొదలైతది. ఎయిర్‌పోర్టుల అక్కడికక్కడే రిమూవల్ ఆర్డర్ ఇచ్చి పంపితే అయిదేండ్లు. లోపల ఉన్నోనికి జడ్జి ఆర్డర్ ఇస్తే పదేండ్లు, రెండోసారి అయితే ఇరవై. కాని అదే ఎయిర్‌పోర్టుల ‘నేను ప్రవేశం అడుగుత లేను, వాపస్ పోత’ అని రాసిస్తే, దానికి ఆఫీసర్ ఒప్పుకుంటే, ఈ అయిదేండ్ల బ్యాన్ పడదు. అందుకే వాపస్ వచ్చినోడు మొట్టమొదలు చూడాల్సింది చేతుల పెట్టిన కాయిదం మీద ఏం రాసి ఉన్నదన్నది.

చదువుకు పోయినోళ్ల లెక్క ఇంకో తీరు. ఎఫ్-1 వీసా మీద పోయినోళ్లకు తారీఖు పెట్టకుండ ‘స్టేటస్ ఉన్నంత కాలం’ అని రాసి పంపే పద్ధతి చానా ఏండ్లు నడిచింది. అట్ల పోయినోడు కాలేజీ బంద్ చేసినంత మాత్రాన 180 దినాల లెక్క దానంతట అదే మొదలు కాదు, అధికారో జడ్జో స్టేటస్ తప్పిందని తేల్చినంకనే షురూ అయితది. అట్లని బేఫికర్‌గ ఉండేటట్టు లేదు. స్టేటస్ తప్పితే డిపోర్ట్ చెయ్యనీకి అదొక్కటి చాలు. ఇగ తారీఖు పెట్టి పంపుతమని 2025 ఆగస్టుల అక్కడి సర్కారు ప్రతిపాదన కూడా పెట్టింది.

ఇరవై డాలర్ల సామాను

దుకాణంల ఇరవై డాలర్ల సామాను జేబుల పెట్టుకుంటే ఏమైతది? దొంగతనం అక్కడి ఇమిగ్రేషన్ చట్టంల ‘నీతి తప్పిన నేరం’ కిందికి వస్తది. మొత్తం మీద ఒక్కటే నేరం, దానికి పడే గరిష్ఠ శిక్ష ఏడాది దాటొద్దు, పడిన శిక్ష ఆరు నెలలు దాటొద్దు.. ఇట్లయితే చిన్న నేరం కింద మినహాయింపు ఉన్నది, వేవరే అక్కర్లేదు. రెండోసారి దొరికితే ఆ దారి మూసుకున్నట్టే. గంజాయి ఇంకా మోసం. చానా రాష్ట్రాలల్ల దుకాణంలనే అమ్ముతరు, కాని దేశం చట్టంల అది ఇంకా నేరమే. వీసా అడిగేటోడు ‘అవును, తాగిన’ అని ఒప్పుకున్నా ఇరుక్కుంటడు.

‘కోర్టు కేసు కొట్టేసింది, రికార్డు తుడిచేసిన్రు’ అని వకీలు చెప్పంగనే నిమ్మలపడొద్దు. రాష్ట్రం కోర్టు రికార్డు తుడిచినా, ఆ తుడుపును ఇమిగ్రేషనోళ్లు చానాసార్లు లెక్కల పెట్టుకోరు. నేరం ఒప్పుకొని జరిమానానో, సేవా శిక్షనో పడితే వాళ్ల దృష్టిల అది శిక్షే.

ఏ లైన్ల నిలబడ్డవు?

వేవర్‌కు రెండు పెద్ద లైన్లున్నయి. చదువు, కొలువు, చుట్టపుచూపు లాంటి తాత్కాలిక వీసాలకు ఒకటి. దీనికి ముందు కాన్సులేట్‌ల ఇంటర్వ్యూ అయితది. బ్యాన్ ఉన్నదని వీసా ఆపినంక ఆ ఆఫీసర్ సిఫారసు చేస్తే, ఫైలు అమెరికాల కస్టమ్స్, బార్డర్ శాఖ దగ్గరికి పోతది. 1978ల అక్కడి ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఒక కేసుల చెప్పిన మూడు సంగతులే ఇప్పటికీ చూస్తరు: ఈ మనిషి వస్తే సమాజానికి ముప్పు ఎంత, చేసిన తప్పు ఎంత పెద్దది, ఇప్పుడు ఎందుకు వస్తున్నడు. జవాబుకు మామూలుగ కొన్ని నెలలు పడ్తది, ఒక్కోసారి ఏడాది దాకా పోతది. కాన్సులేట్ నుంచి పోయే ఈ వేవర్‌కు వీసా ఫీజు తప్ప వేరే సర్కారీ ఫీజు లేదు. ‘వేవర్ ఫీజు’ అని లక్ష రూపాలు అడిగేటోన్ని రసీదు అడుగున్రి.

రెండోది గ్రీన్ కార్డు లైను. ఎక్కువ దినాలు ఉన్నందుకు పడిన బ్యాన్‌కు ఇక్కడ వేవర్ కావాలంటే భార్యనో భర్తనో, లేకుంటే తల్లో తండ్రో అమెరికా పౌరులు గాని గ్రీన్ కార్డు ఉన్నోళ్లు గాని కావాలె. వాళ్లు పడే కష్టం మామూలు ఎడబాటు కంటే ఎక్కువున్నదని సాక్ష్యాలతో చూపాలె. అక్కడ పుట్టిన బిడ్డ పేరు మీద ఈ వేవర్ రాదు. దేశం లోపల ఉండంగనే ముందస్తుగ అడిగే వేవర్ 2013ల తెచ్చిన్రు. మొదట్ల నెలల్ల తేలేది, 2023, 2024 నాటికి మూడేండ్లు దాటింది. మూడేండ్ల బ్యాన్‌కు మినహాయింపు అడిగి మూడేండ్లు ఎదురుచూసుడంటే అది మినహాయింపెట్లయితది? దరఖాస్తులు పెరిగినయి, చూసే సిబ్బంది అంత పెరగలేదు, వేగిరం చెయ్యమని అడిగే ఓటు ఈళ్లకు లేదు.

ఇండ్ల ఇంకో మోసం ఉన్నది. వాపస్ వచ్చిన చానామంది విద్యార్థులకు మళ్ల వీసా రాకపోయేది బ్యాన్ వల్ల కాదు, 214(బి) అనే సెక్షన్ వల్ల. నువ్వు చదువు అయినంక తిరిగొస్తవన్న నమ్మకం కుదరలేదని దానర్థం. దీనికి వేవర్ లేనే లేదు, అవసరమూ లేదు. పరిస్థితి మారినంక మళ్ల దరఖాస్తు పెట్టుకోవాలె. దీనికి కూడా ‘వేవర్ ఇప్పిస్త’ అనేటోడు లేని సరుకును అమ్ముతున్నడు.

ఎదురుచూపు ఎవరికి బరువు?

పైసలున్న ఇంట్ల ఈ కాలం ఖాళీగ గడుస్తది. రైతు ఇంట్ల అట్ల కాదు. ఇరవై లక్షలు నూటికి రెండు రూపాల మిత్తికి తెస్తే నెలకు నలభై వేలు, ఏడాదికి నాలుగు లక్షల ఎనభై వేలు. మూడేండ్లు ఎదురుచూస్తే పద్నాలుగు లక్షల నలభై వేలు మిత్తే అయితది, అసలు అట్లనే ఉంటది. కోర్టు వెయ్యని జరిమానా ఇది. అక్కడ చేసిన తప్పుకు ఇక్కడ రెండెకరాలు పోతయి.

ఈ భయంలనే ఏజెంట్ మాట తీయగ ఇనవడ్తది: ‘పాత కథ రాయకు, కొత్త పాస్‌పోర్ట్ తీస్కో.’ వేలిముద్రలు పాస్‌పోర్ట్‌తో మారయి. వీసా ఫారంల ఎన్నడన్న అరెస్ట్ అయినవా, వీసా నిరాకరించిన్రా, ప్రవేశం ఆపిన్రా అని సూటిగ అడుగుతరు. కావాలని అబద్ధం రాసి దొరికితే మోసం కింద పడే బ్యాన్‌కు గడువే లేదు, జన్మంత. అయిదేండ్లల్ల తీరేదాన్ని నూరేండ్లకు గుంజుకున్నట్టే.

మన గల్ఫ్ అన్నలకు తెలిసిన పద్ధతి వేరే. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా యూఏఈ క్షమాభిక్ష పెట్టింది. ఆ గడువుల బయటపడ్డోళ్లకు జరిమానా లేదు, తిరిగి రానీకి బ్యాన్ లేదు. అమెరికాల అంత పెద్ద మాఫీ 1986 చట్టం తర్వాత రాలేదు. ‘ఎప్పుడో ఒకప్పుడు క్షమాభిక్ష వస్తది’ అని దుబాయ్ లెక్కన అమెరికాల కూసునుడు పెద్ద తప్పు.

సర్కారు వంతు

1983 ఎమిగ్రేషన్ చట్టం కొలువులకు మనుషులను పంపే ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ పెట్టింది. చదువు పేరు మీద పంపే కన్సల్టెన్సీలకు ఆ పగ్గం లేదు. 2019ల బయటపడ్డ ఫార్మింగ్టన్ ఉత్తుత్తి యూనివర్సిటీల మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థులల్ల 129 మంది మన దేశపోళ్లే. దుకాణం పెట్టింది అమెరికా అధికారులే, పిలగాండ్లను చేర్పించిన దళారులల్ల మనోళ్లున్నరు. అసొంటి దెబ్బ తిన్నంక కూడా కన్సల్టెన్సీకి గట్టి లైసెన్సు, తప్పు సలహాకు పరిహారం రాలేదంటే ఎవరిని అడగాలె? 2024ల ప్రజాభవన్‌ల పెట్టిన ప్రవాసీ ప్రజావాణిల గల్ఫ్ బాధితుల గోడు ఇంటున్నరు. వాపస్ వచ్చిన విద్యార్థుల కాయిదం చదివి, ఇది బ్యానా, 214(బి)నా అని ఉత్తగ చెప్పే ఒక వకీలును కూడా ఆడ కూసోబెట్టాలె. ఖర్చు కొంచమే, ఆగే మోసం మస్తు.

అప్పటిదాకా, తమ్మీ, చెల్లే, చేతుల పెట్టిన ఏ కాయిదాన్నీ పారెయ్యకున్రి. కోర్టు తీర్పు కాపీ, ఎయిర్‌పోర్టుల ఇచ్చిన ఫారం, కాలేజీ ఉత్తరం అన్నీ జాగ్రత్తగ దాచున్రి. ఏ సెక్షన్ కింద ఆపిన్రో తెలుసుకున్నంకనే పైసలు తియ్యున్రి. ఉన్నదున్నట్టు రాయున్రి. అన్నిటికంటే ముందుగాల, ఎదురుచూసే కాలంల ఇంటి మీద మిత్తి పెరగకుండ ఇక్కడనే ఒక కొలువు చూసుకోవాలె. ఇక్కడ నిలకడగ పనిచేస్తున్నవని చూపే కాయిదం రేపు వేవర్ ఫైలుల కూడా అక్కరకొస్తది.